తాళంచెవి ఎవరి చేతికి? ‘ఆడ్స్ అగెన్‌స్ట్ టుమారో’ దోపిడీ గురించి

మీరు 1959లో వచ్చిన అమెరికన్ సినిమా ‘ఆడ్స్ అగెన్‌స్ట్ టుమారో’ చూశానని రాశారు. బ్యాంకు దోపిడీ కథ బిగువుగానే ఉంది కానీ, దొంగల్లో తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య పెట్టిన పగ పైనుంచి అతికించినట్టు అనిపించిందన్నారు. మీ మిత్రుడు ఇంకో అడుగు ముందుకు వేసి, ‘ఫిల్మ్ నువార్ అనే చీకటి నేరకథా సినిమాల్లో దోపిడీ ఎలాగూ చెడుతుంది, ఈ కారణం కాకపోతే ఇంకొకటి, జాతి గొడవ ఒక సాకు మాత్రమే’ అన్నారు. అది నిజమేనా అన్నది మీ ప్రశ్న.

నిజం కాదు. అయితే మిమ్మల్ని తప్పుపట్టను, మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. తరువాత మా ఫిల్మ్ సొసైటీలో ఈ సినిమాను నాలుగుసార్లు వేశాం. నాలుగుసార్లూ చర్చ నడిపే పని నా మెడకే చుట్టుకుంది, నాలుగుసార్లూ ఎవరో ఒకరు మీ ప్రశ్నే అడిగారు. జవాబు చెప్పీ చెప్పీ నాకే ఒక సంగతి తేలింది. ఈ కథలోంచి జాతి ద్వేషాన్ని తీసేస్తే మిగిలేది ద్వేషం లేని దోపిడీ కాదు. అసలు దోపిడీయే మిగలదు. ఎందుకో చెబుతాను. ముగింపుతో సహా చెప్పక తప్పదు కాబట్టి సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

పథకాన్ని ఒకసారి నెమ్మదిగా గుర్తు చేసుకోండి. న్యూయార్క్ నగరానికి ఎగువన, హడ్సన్ నది ఒడ్డున మెల్టన్ అనే చిన్న ఊరు. ఊరి పేరు కల్పితం, చిత్రీకరించింది హడ్సన్ అనే ఊళ్లోనే. అక్కడి బ్యాంకులో సాయంత్రం ఖాతాదారులకు తలుపులు మూశాక కూడా సిబ్బంది లోపల కూర్చుని డబ్బు లెక్కపెడుతుంటారు. ఆరు గంటల వేళ దగ్గర్లోని దుకాణం నుంచి వాళ్లకు కాఫీ, శాండ్‌విచ్‌లు వస్తాయి. తెచ్చేవాడు ఒక నల్లవాడు. పక్క తలుపుకు లోపలినుంచి గొలుసు ఉంటుంది. కాపలావాడు గొలుసు తీయకుండానే తలుపు కొంచెం తెరిచి, వచ్చినవాణ్ని చూసి, అప్పుడు గొలుసు తీస్తాడు. ఆ గొలుసు తీసే క్షణమే పథకం మొత్తానికి ఊపిరి. అసలు మనిషిని దారిలో కావాలని ఢీకొట్టి, కాఫీ ఒలికిపోయేట్టు చేసి ఆలస్యం చేయాలి. ఆ సందులో మరో నల్లవాడు అదే వేషంలో, అలాంటి డబ్బానే పట్టుకుని తలుపు దగ్గరికి చేరాలి.

అంటే ఈ దొంగల జట్టులో ఒకడు నల్లవాడై తీరాలి. జానీ ఇంగ్రామ్‌ను ఎంచుకున్నది చేతివాటం చూసి కాదు. అతను నైట్‌క్లబ్బులో పాటగాడు, వైబ్రాఫోను వాయిస్తాడు, బ్యాంకు దోపిడీలతో ఏ సంబంధమూ లేదు. ఈ పనికి అతనికున్న ఏకైక అర్హత అతని చర్మం. కాపలావాడు తలుపు సందులోంచి చూసినప్పుడు అతనికి కనబడేది ఒక తెల్లకోటు, ఒక డబ్బా, దాన్ని పట్టుకున్న నల్లచేయి. మొహం చూడడు. చూడనవసరం లేదని ఆ ఊరు అతనికి నేర్పింది. దోపిడీకి తలుపు తెరుచుకునేదే జాతి అహంకారం వల్ల.

ఒకసారి ప్రదర్శన అయ్యాక నేను ఈ మాటే అంటుంటే, బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు వెనక వరుసలోంచి లేచారు. ‘మా బ్రాంచికి రోజూ టీ తెచ్చే కుర్రాడు ఒకరోజు రాలేదండీ, వేరేవాడు తెచ్చాడు. తాగేసి, ఖాళీ గ్లాసులు వాడు పట్టుకుపోయాక ఎవరో ఫోనులో చెబితే తెలిసింది, మనవాడికి జ్వరమని’ అన్నారు. హాల్లో నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. ఈ సినిమా మీద నేను విన్న వ్యాఖ్యల్లో అంత సూటిగా పథకం గుట్టు విప్పింది మరొకటి లేదు.

ఇప్పుడు మీ మిత్రుడి వాదన. నువార్ దోపిడీలు చెడతాయన్నది నిజమే. 1950లో వచ్చిన ‘ది అస్ఫాల్ట్ జంగిల్’లో కిందపడ్డ తుపాకీ దానంతటదే పేలి తాళాలు తీసే మనిషికి తగులుతుంది. పథకం వేసిన ముసలాయన జ్యూక్‌బాక్స్ పాటకు నాట్యమాడే అమ్మాయిని చూస్తూ కొద్ది నిమిషాలు ఎక్కువ కూర్చుని పోలీసులకు చిక్కుతాడు. 1956లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది కిల్లింగ్’ చివర్లో విమానాశ్రయంలో ఒక కుక్కపిల్ల అడ్డం వస్తే సామాన్ల బండి పక్కకు తిరిగి, పెట్టె కిందపడి తెరుచుకుని, నోట్లన్నీ విమానం ప్రొపెల్లర్ల గాలికి ఎగిరిపోతాయి. ఇవన్నీ విధి ఆడే ఆటలు, లేదా మనిషి చిన్నపాటి బలహీనతలు. ‘ఆడ్స్ అగెన్‌స్ట్ టుమారో’లో విధికి పెద్ద పని లేదు. ఇక్కడ చెడగొట్టేది ముందునుంచీ అందరికీ తెలిసినదే, అందరి మధ్యా బల్లమీద కూర్చున్నదే.

‘ది కిల్లింగ్’ పేరు ఎత్తాను కాబట్టి దానిలోని ఒక చిన్న ఘట్టం చెప్పకుండా ఉండలేను. గుర్రప్పందెం మైదానం బయట ఒక తెల్ల తుపాకీగాడు కారులో కూర్చుని గుర్రాన్ని కాల్చడానికి సిద్ధమవుతుంటాడు. కార్లు నిలిపేచోట కాపలా ఉండే నల్లవాడు మొదట అక్కడ కారు పెట్టనివ్వడు. తుపాకీగాడు కాలు బాగాలేదంటూ సానుభూతి సంపాదిస్తాడు, మంచిగా మాట్లాడి చోటు దక్కించుకుంటాడు. ఆ మంచితనానికి పొంగిపోయిన కాపలా మనిషి అతనికి అదృష్టం కలగాలని ఒక గుర్రపు నాడా తెచ్చి ఇస్తాడు. పని వేళ దగ్గరపడుతోంది, ఇతను కదలడం లేదు. తుపాకీగాడు జాతిని తిట్టే ఒక మాట అంటాడు. కాపలా మనిషి మొహం మారిపోతుంది. నాడాను అక్కడే నేలకు కొట్టి వెళ్లిపోతాడు. గుర్రాన్ని కాల్చాక కారు వెనక్కి తీయబోతే ఆ నాడా టైరులో దిగబడుతుంది, తుపాకీగాడు అక్కడే చస్తాడు. రెండు మూడు నిమిషాల ఘట్టం. కాపలా మనిషిగా వేసిన జేమ్స్ ఎడ్వర్డ్స్ మొహంలో సంతోషం ఆరిపోయే ఆ క్షణం కోసమే ఆ సినిమాను మళ్లీ చూడవచ్చు. మూడేళ్ల తరువాత వచ్చిన మన సినిమా ఆ నాడా ఘట్టాన్ని గంటన్నర కథగా పెంచిందా అని నాకు అనిపిస్తుంటుంది. దర్శకుడు రాబర్ట్ వైజ్ ఆ ఉద్దేశంతో తీశాడని కాదు, రెండింటి తర్కమూ ఒకటేనని.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. పథకం వేసిన డేవ్ బర్క్ మాజీ పోలీసు. నేరాల విచారణ సంఘం ముందు నోరు విప్పనందుకు జైలుకు పోయి, ఉద్యోగం పోగొట్టుకుని, కుక్కను తోడు పెట్టుకుని హోటలు గదిలో బతుకుతున్నాడు. అతనికి రంగు పట్టింపు లేదు. తెల్లవాడైన ఎర్ల్ స్లేటర్ ఇంగ్రామ్ గురించి నోరు పారేసుకున్నప్పుడు, అంతర్యుద్ధం నాటి కబుర్లు నా దగ్గర వద్దు, ఓక్లహోమా పొలంలో మీ తాత ఏమనుకునేవాడో నాకు అక్కర్లేదు, ఇక్కడ ముగ్గురమూ సమానమే అని గట్టిగా గదమాయిస్తాడు. వినడానికి ఎంత బాగుందో! చాలామంది ప్రేక్షకులు బర్క్‌ను మంచివాడిగా లెక్కేసుకునేది ఈ మాటలు విన్నాకే.

కానీ ఇంగ్రామ్ ఈ పనికి ఎలా ఒప్పుకున్నాడో గుర్తుందా? మొదట కాదనేశాడు. గుర్రప్పందేల్లో పోగొట్టుకుని బాకో అనే రౌడీకి 7,500 డాలర్లు బాకీ ఉన్నా, బ్యాంకు దోపిడీ తన పని కాదన్నాడు. అప్పుడు బర్క్ వెళ్లి బాకోతో మాట్లాడాడు. ఆ తరువాతే బాకో హఠాత్తుగా మొత్తం బాకీ వెంటనే కట్టమన్నాడు, ఇంగ్రామ్ విడిపోయిన భార్య, చిన్న కూతురు పేర్లు ఎత్తాడు. స్లేటర్ ఇంగ్రామ్‌ను మొహం మీదే అవమానిస్తాడు. బర్క్ భుజం మీద చేయి వేసి మాట్లాడుతూనే అతని బిడ్డను పందెంలో పెడతాడు. ముగ్గురూ సమానమన్నది కూడా ఈయనే. స్లేటర్‌ను చూస్తూ కూర్చుని బర్క్‌ను వదిలేస్తే సినిమాలో సగం చేజారినట్టే. జాతి పట్టింపు లేకపోవడం వేరు, ఎదుటి మనిషిని మనిషిగా చూడటం వేరు అన్న తేడాను ఇంత నిశ్శబ్దంగా చూపించిన అమెరికన్ సినిమా ఆ కాలంలో నాకు ఇంకొకటి కనబడలేదు.

స్లేటర్ విలన్‌లా అనిపించలేదని మీరు కొంచెం సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడనక్కర్లేదు, అలా అనిపించాలనే రాబర్ట్ రయన్ అలా నటించాడు. సినిమా మొదలయ్యేటప్పుడు ఈదురుగాలిలో రివర్‌సైడ్ డ్రైవ్ మీద నడిచి వస్తుంటాడు. ఆడుకుంటున్న నల్లపిల్ల ఒకతి పరుగున వచ్చి తగలబోతే ఎత్తుకుంటాడు, నవ్వుతాడు. అదే నవ్వుతో అమెరికా దక్షిణాదిలో నల్లపిల్లలను పిలిచే ఒక హీనమైన మాటతో ఆమెను పలకరిస్తాడు. ఆ మాటలో కోపం లేదు, ముద్దు ఉంది! ద్వేషం ఒక మనిషిలో ఎంత సహజంగా, మాతృభాషలా కలిసిపోతుందో ఆ పది సెకన్లలో తెలిసిపోతుంది. తరువాత లిఫ్టులో, దాన్ని నడిపే నల్లవాడి ముందు రాయిలా నిలబడతాడు. కొద్దిసేపటికి ఇంగ్రామ్ అదే హోటలుకు వచ్చి అదే లిఫ్టు మనిషితో సరదాగా మాట్లాడతాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి సినిమా ఏ వ్యాఖ్యానమూ లేకుండా ముందుకు పోతుంది.

స్లేటర్‌కు వయసు మీదపడుతోంది. యుద్ధానికి వెళ్లి వచ్చాడు, మనిషిని చంపిన నేరానికి జైలుకు పోయి వచ్చాడు. ఇప్పుడు లోరీ అనే ఆమె సంపాదన మీద, ఆమె ఇంట్లో బతుకుతున్నాడు. ఆమె ప్రేమగానే చూస్తుంది, అదే అతనికి మింగుడుపడదు. బారులో ఒక కుర్ర సైనికుడు సరదాగా కుస్తీ పట్లు చూపిస్తుంటే స్లేటర్ లాగి పొట్టలో గుద్దుతాడు, వెంటనే తనే సిగ్గుపడతాడు. ఉద్యోగం లేదు, డబ్బు లేదు, యవ్వనం లేదు. అతని దగ్గర మిగిలిన ఒకే ఒక ఆస్తి తెల్లతోలు. ఇంగ్రామ్ కాళ్లకు ఇరవై డాలర్ల జోళ్లు ఉన్నంత మాత్రాన వాడేమీ వేరు కాదంటాడొకచోట. ఆ జోళ్లు అతన్ని ఎంతగా పొడుస్తున్నాయో చూడండి! ఎదుటివాడు తనకంటే మంచి బట్టలు కడుతున్నాడు, మంచి కారు నడుపుతున్నాడు. తక్కువవాడిగా ఉండాల్సినవాడు తక్కువగా లేకపోతే తన మిగిలిన ఆస్తి విలువ కూడా పోతుంది. ఇది పేద తెల్లవాడి లెక్క. స్లేటర్‌ను రాక్షసుడిగా చూపించి ఉంటే ఈ లెక్క మనకు అందేది కాదు.

నిజజీవితంలో రయన్ దీనికి పూర్తిగా వ్యతిరేకి. పౌరహక్కుల కోసం, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా గొంతెత్తిన మనిషి. 1947లో ‘క్రాస్‌ఫైర్’లో యూదులను ద్వేషించే హంతకుడిగా వేశాక జనం తనను ఆ పాత్రతోనే కలిపి చూస్తున్నారన్న బెంగ అతనికి ఉండేది. స్లేటర్ పాత్ర ఒప్పుకోవడానికి తటపటాయించి, ఒప్పుకున్నాక, నల్లవారు నడిపే ‘ఎబొనీ’ పత్రికలో దాని గురించి స్వయంగా వ్యాసం రాశాడు. అతనూ వైజ్ కలిసి అంతకు పదేళ్ల ముందు, 1949లో ‘ది సెట్-అప్’ అనే బాక్సింగ్ సినిమా చేశారు. అదొక పద్యకావ్యం ఆధారంగా తీసింది, ఆ కావ్యంలో నాయకుడైన బాక్సర్ నల్లవాడు. తెరమీదికి వచ్చేసరికి తెల్లవాడై, రయన్ అయ్యాడు. హాలీవుడ్ 1949లో చెరిపేసిన రంగు 1959లో అదే దర్శకుడి దగ్గర, అదే నటుడి ఎదుట వచ్చి నిలబడింది.

అలా నిలబెట్టింది ఇంగ్రామ్‌గా వేసిన హ్యారీ బెలఫాంటే. ఈ సినిమా అతని సొంత సంస్థ హార్‌బెల్ తీసింది. 1956లో ‘కలిప్సో’ ఆల్బమ్‌తో దేశమంతా మారుమోగిన గాయకుడు, మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆప్తుడు, ఉద్యమానికి డబ్బు సర్దిన మనిషి. అలాంటివాడు నిర్మాతగా తనకోసం తానే పాత్ర రాయించుకుంటే మచ్చలేని కథానాయకుణ్ని రాయించుకుంటాడనుకుంటాం. అతను రాయించుకున్నది జూదగాణ్ని. ఇంగ్రామ్ భార్యాబిడ్డలకు దూరమయ్యాడు, తప్పతాగి క్లబ్బులో సాటివాళ్ల పాటను చెడగొడతాడు. సెంట్రల్ పార్కులో కూతురితో గడపాల్సిన పూట కూడా వెంటాడే రౌడీలకు లెక్క చెప్పుకోవాల్సిన గతి పట్టించుకున్నాడు.

ఇంగ్రామ్‌లోనూ ద్వేషం ఉందన్నది చాలామంది మాట్లాడని విషయం. కూతుర్ని దింపడానికి భార్య ఇంటికి వెళ్తే అక్కడ బడి పిల్లల తల్లిదండ్రుల సంఘం సమావేశం జరుగుతుంటుంది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చుని మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. వాళ్లు వెళ్లిపోయాక ఇంగ్రామ్ భార్య మీద విరుచుకుపడతాడు. ఈ లోకం వాళ్లది, మనం ఇందులో ఊరికే బతికిపోతున్నాం, నీ తెల్ల అన్నదమ్ములతో టీ తాగుతూ కూర్చుంటే మన పిల్ల అందాల రాణి అయిపోతుందనుకుంటున్నావా అని ఎద్దేవా చేస్తాడు. భార్య రూత్ తన కూతురికి మంచి బతుకు కావాలని చూస్తోంది, అందులో తప్పేమీ లేదు. ఇంగ్రామ్ మాటలూ పూర్తిగా అబద్ధం కావు. సినిమా ఎవరి పక్షానా తీర్పు ఇవ్వదు. కానీ స్లేటర్ పగతో ఇంగ్రామ్ పగను ఒకే తక్కెడలో వేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఒకడిది ఎదుటివాణ్ని కింద ఉంచడానికి, రెండోవాడిది కింద ఉంచినందుకు.

దీని వెనక మరో సినిమాతో పోట్లాట ఉంది. అంతకు ముందు ఏడాది, 1958లో ‘ది డిఫయంట్ వన్స్’ వచ్చింది. ఒకే గొలుసుకు కట్టిన ఇద్దరు ఖైదీలు, నల్లవాడు సిడ్నీ పొయిటీ, తెల్లవాడు టోనీ కర్టిస్ పారిపోతారు. తిట్టుకుంటూ కొట్టుకుంటూ చివరికి స్నేహితులవుతారు. పొయిటీ రైలెక్కగలిగీ, కర్టిస్‌ను పైకి లాగలేక, తానూ కిందికి దిగిపోతాడు. ఉదారవాదులైన తెల్లవాళ్లు ఆ త్యాగానికి చప్పట్లు కొట్టారు. న్యూయార్క్‌లో నల్లవాళ్లుండే హార్లెం ప్రేక్షకులు మాత్రం ‘మళ్లీ రైలెక్కు, పిచ్చివాడా’ అని కేకలు వేశారని నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ రాశాడు. బెలఫాంటే సినిమాకు ఆధారమైన విలియం మెక్‌గివర్న్ నవల 1957లో వచ్చింది. అందులో కూడా దోపిడీ చెడ్డాక ఇద్దరూ ఒకచోట దాక్కోవాల్సి వచ్చి, చివరికి ఒకరికొకరు దగ్గరవుతారు. తెరమీద దాన్ని పూర్తిగా తిప్పేశారు. ఇక్కడ ఎవడూ ఎవడికోసమూ రైలు దిగడు.

అలా తిప్పిన రచయిత ఏబ్రహామ్ పొలాన్‌స్కీ. 1951లో కమ్యూనిస్టులను వెతికే అమెరికా పార్లమెంటు విచారణ సంఘం ముందు తోటివాళ్ల పేర్లు చెప్పనందుకు హాలీవుడ్ బహిష్కరించిన మనిషి. తన పేరుతో సినిమా రాసే వీలు లేదు. అందుకని తెరమీద జాన్ ఓ. కిలెన్స్ పేరు వేశారు, నెల్సన్ గిడింగ్ పేరుతో పాటు. కిలెన్స్ నల్లజాతి నవలాకారుడు, ఈ సినిమా స్క్రిప్టు రాసింది అతను కాదు, పేరు మాత్రం అరువిచ్చాడు. పొలాన్‌స్కీ పేరు అధికారికంగా తిరిగి చేరింది 1990లలో, సినిమా వచ్చిన సుమారు నాలుగు దశాబ్దాలకు. ఇప్పుడు బ్యాంకు తలుపు దగ్గరికి మళ్లీ రండి. ఎవరూ లోపలికి రానివ్వని తెల్లవాడు ఒకడు నల్లవాడి వేషాన్ని, చర్మాన్ని అడ్డం పెట్టుకుని తలుపు తీయిస్తాడు. స్క్రిప్టు హాలీవుడ్ తలుపు దాటిందీ అలాగే. విచారణ సంఘం ముందు నోరు విప్పక జైలుకు పోయిన బర్క్‌ను కూడా దీనితో కలిపి చూడండి. పొలాన్‌స్కీ నవ్వుకుంటూ రాశాడో, పళ్లు కొరుక్కుంటూ రాశాడో మరి.

మీకు ‘మధ్యలో కథ ఆగిపోయింది’ అనిపించిన భాగం నాకు ప్రాణం. మెల్టన్‌కు ముందే చేరుకుని, సాయంత్రం ఆరింటికోసం ముగ్గురూ మూడు చోట్ల ఎదురుచూసే ఆ పూట. కెమెరామన్ జోసెఫ్ బ్రన్, వైజ్ కలిసి కొన్ని ఆరుబయటి దృశ్యాలకు ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ వాడారు. అందుకే పట్టపగలే ఆకాశం నల్లబడి, మబ్బులు సున్నం వేసినట్టు తెల్లగా మెరుస్తాయి. స్లేటర్ తుపాకీ తీసి కుందేలును కాలుస్తాడు. ఇంగ్రామ్ నది ఒడ్డున నిలబడితే చెత్తలో ఒక బొమ్మ తేలుతూ కనబడుతుంది. అతనికొక కూతురుందని మనకు ఎవరూ గుర్తు చేయనవసరం లేదు. వెనక జాన్ లూయిస్ సంగీతం, మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే వాద్యబృందానికి పెద్ద అతనే. హుషారు పుట్టించకుండా, గచ్చుమీద సూది పడ్డట్టు ఒక్కొక్క స్వరం వేస్తాడు. ఇందులోని ‘స్కేటింగ్ ఇన్ సెంట్రల్ పార్క్’ బాణీ తరువాత జాజ్ వాద్యకారుల కచేరీల్లో స్థిరపడిపోయింది. ఎడిటింగ్ డీడీ అలెన్, ఆమెకు పేరు తెచ్చిన ‘బానీ అండ్ క్లైడ్’ కన్నా ఎనిమిదేళ్ల ముందు.

ఇక తాళంచెవి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. తలుపు అనుకున్నట్టే తెరుచుకుంది. గొలుసు తీశారు, సిబ్బందిని అదుపులోకి తెచ్చారు, డబ్బు సంచుల్లోకి చేరుతోంది. అప్పటిదాకా పథకం పనిచేసింది, మీ మిత్రుడు ఇది గమనించాలి. తప్పించుకునే కారు తాళంచెవి స్లేటర్ దగ్గర ఉంది. దాన్ని ఇంగ్రామ్ చేతిలో పెట్టాల్సి వస్తుంది. స్లేటర్ పెట్టడు. బ్యాంకు మధ్యలో, ఒక్కొక్క క్షణమూ ప్రాణం మీదికి వస్తున్న వేళ, నల్లవాణ్ని నమ్మి తాళంచెవి ఇవ్వడం అతని చేత కాలేదు. తాళంచెవి బర్క్‌కు ఇస్తాడు. బర్క్ బయటికి వస్తాడు, పోలీసుల కంటపడతాడు, తూటాలు తగిలి కూలిపోతాడు. ఇద్దరు లోపల, తాళంచెవి బయట. బర్క్ తనను తాను కాల్చుకుంటాడు. కాఫీ డబ్బా పట్టుకున్న నల్లవాణ్ని చూసి ఆ ఊళ్లో ఎవరూ తలెత్తరు అన్న నమ్మకం మీదే కదా పథకమంతా కట్టింది? ఆ లెక్కన వీధిలోకి వెళ్లడానికి ముగ్గురిలో అందరికంటే భద్రమైనవాడు ఇంగ్రామే. ఏ రంగు చూసి అతన్ని జట్టులో చేర్చుకున్నారో ఆ రంగు చూసే తాళంచెవి ఇవ్వలేదు. కుక్కపిల్ల అడ్డం రాలేదు, తుపాకీ జారిపడలేదు. ఒక మనిషి చేయి చాచలేదు, అంతే. దీన్ని సాకు అంటే నేను ఒప్పుకోను.

ఆ తరువాత జరిగేది నాకు అంతగా నచ్చదు, ఆ మాట కూడా చెప్పేస్తాను. స్లేటర్, ఇంగ్రామ్ పోలీసులను మరిచిపోయి ఒకరినొకరు కాల్చుకుంటూ చమురు ట్యాంకుల దాకా పరుగెత్తుతారు, పైకెక్కుతారు, తూటాలకు ట్యాంకులు పేలిపోతాయి. చివర్లో కాలిపోయిన రెండు శవాల్లో ఎవరు ఎవరని ఒకరు అడిగితే, నీకు నచ్చినట్టు అనుకో అంటాడు రెండోవాడు. దాని మీద ‘దారి లేదు, ఆగు’ అన్న బోర్డు చూపిస్తారు. తాళంచెవి దగ్గర గుసగుసగా చెప్పిన సంగతినే ఇక్కడ మైకు పెట్టి చెప్పారు. పైగా ఒకరకంగా ఇది తప్పు కూడా. కాలితే అందరూ ఒకటే అనడంలో ఇంగ్రామ్ మీద జరిగిన అన్యాయం కూడా కాలిపోతుంది. మా చర్చల్లో ఈ ముగింపును సమర్థించేవాళ్లు ఎప్పుడూ ఎక్కువమందే ఉన్నారు, నేను ఓడిపోతూనే వచ్చాను. మీరు ఏ పక్షమో రాయండి.

చివరిగా, దీని తరువాత ఏం చూడాలని అడిగారు కదా. ‘ది కిల్లింగ్’ చూడండి, ఆ నాడా ఘట్టం కోసం. తరువాత 1950లో వచ్చిన ‘నో వే అవుట్’. అందులో గాయపడ్డ తెల్లదొంగ రిచర్డ్ విడ్‌మార్క్, వైద్యం చేసే నల్ల డాక్టరు పొయిటీ. తిట్లతో నిండిన దృశ్యాలు అయిపోగానే విడ్‌మార్క్ పొయిటీ దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పుకునేవాడట. వాటి తరువాత ‘ఆడ్స్ అగెన్‌స్ట్ టుమారో’ను ఇంకోసారి వేసుకోండి. ఈసారి స్లేటర్‌నూ ఇంగ్రామ్‌నూ వదిలేసి, మొదటి గంట అంతా బర్క్ ఒక్కణ్నే గమనించండి. ఇంగ్రామ్ కాదన్న తరువాత అతను ఎక్కడికి వెళ్లాడో, ఎవరితో మాట్లాడాడో.